రాత్రి తొమ్మిదికి గేటు

మార్కాపురంలో ఎవరినైనా శ్రీశైలానికి దారి అడగండి, ముందు టైమే చెబుతారు. కుడికి తిరగాలా ఎడమకా అన్నది తర్వాతి మాట. "ఇప్పుడు బయల్దేరితే అందుతుందో లేదో, తొమ్మిదికి గేటు వేసేస్తారు" అంటారు. దోర్నాల దాటాక అడవి మొదలయ్యే చోట అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి తొమ్మిదికి పడిన గేటు తెల్లారి ఆరింటికి గానీ లేవదు. అవతల యాభై కిలోమీటర్ల ఘాటు రోడ్డు, దానికి రెండు పక్కలా పులులు తిరిగే నల్లమల. శివరాత్రి రోజుల్లో సడలిస్తారు. మిగతా ఏడాదంతా మా వైపు ప్రయాణాలకు ఆ గేటే గడియారం.

ఈ లెక్క చివరి నుంచి మొదటికి నడుస్తుంది. తొమ్మిదికి గేటంటే ఎనిమిదిన్నరకు దోర్నాలలో ఉండాలి, ఏడున్నరకు మార్కాపురం దాటాలి, ఒంగోలు నుంచి వచ్చేవాళ్లయితే సాయంత్రం అయిదుకే బండెక్కాలి. టాక్సీ డ్రైవర్లకు ఇది నోటి లెక్క. పెళ్లివారు భోజనాల దగ్గర ఆలస్యం చేస్తుంటే చేతి గడియారం చూసేది వాళ్లొక్కరే. లెక్క తప్పినవాళ్లంతా దోర్నాలలో తేలతారు. లైట్లు ఆర్పిన కార్లు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటాయి. ముందు సీటు వెనక్కి వాల్చి ఒకరు, డిక్కీ తెరిచి దుప్పటి పరుచుకుని ఒకరు. కొత్తగా వచ్చినవాళ్లు గేటు దాకా పోయి, ఫోను చెవికి పెట్టుకుని, ఫలానా ఆఫీసులో మా బావగారు అంటూ మొదలుపెడతారు. గేటు దగ్గరి మనిషి మర్యాదగా అంతా వింటాడు. కమ్మీ లేవదు. తిరిగొస్తే టీ కొట్టాయన తీర్పు చెబుతాడు: "గేటు పడింది గదన్నా. ఇంగ పొద్దున్నే. టీ తాగి పండుకో."

బయటివాళ్లు అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ పులి గురించే. రోడ్డు మీదికి వస్తుందా, మీరు చూశారా, భయం వేయదా అని. మాకు పులి అంత తొందరగా గుర్తు రాదు. తొమ్మిది గుర్తొస్తుంది. కాపలా ఉన్న హద్దు దూరంగా ఉండేవాళ్లకు భయంగా కనిపిస్తుంది, పక్కనే కాపురం ఉండేవాళ్లకు టైము పట్టికగా మారిపోతుంది. నల్లమలను చూసి ఏర్పరుచుకున్న ఈ అభిప్రాయం కొరియా సరిహద్దు ఊళ్ల గురించి చదివాక నాకు మరింత గట్టిపడింది.

దక్షిణ కొరియాలో పాజు అని ఒక నగరం ఉంది. రాజధాని సియోల్‌కు వాయవ్యంగా గంట ప్రయాణం. అయిదు లక్షల జనాభా. దాని ఉత్తరపు అంచే ఉత్తర కొరియా హద్దు. 1953 జులై 27న యుద్ధ విరమణ మీద సంతకాలు చేసిన పన్‌ముంజోమ్ ఆ అంచునే ఉంది. సంతకం పడింది విరమణ మీదే, శాంతి ఒప్పందం ఇప్పటికీ కాలేదు. సముద్రం నుంచి సముద్రం దాకా దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పున సైన్యం ఉండకూడని పట్టీ ఒకటి గీశారు. ఆ పట్టీకి రెండు పక్కలా మోహరించినంత సైన్యం భూమ్మీద చాలా తక్కువ చోట్ల ఉంటుంది. మా వీధి ఆడపిల్లలకు ఆ హద్దు బాగా తెలుసు. గాలివానకు పారాగ్లైడర్ కొట్టుకుపోయి అటు పక్క పడ్డ దక్షిణ కొరియా అమ్మాయి, ఆమెను దాచిపెట్టిన ఉత్తర కొరియా సైనికాధికారి: 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ' సీరియలు తెలుగు ఇళ్లలో ఎన్ని రాత్రులు నిద్ర చెడగొట్టిందో చెప్పలేం.

పాజులో ఉండేవాళ్లకు ఆ సీరియలు కథ సీరియలు కథే. వాళ్ల చింత అపార్ట్‌మెంటు అద్దె, సియోల్‌లో ఉద్యోగం. 2024 డిసెంబరులో జీటీఎక్స్ అనే వేగపు రైలు మొదలయ్యాక సియోల్ స్టేషనుకు ఇరవై నిమిషాల పైచిలుకులో చేరుతున్నారు. హాన్ నది ఒడ్డున ముళ్లకంచె వెంబడి పోయే పెద్ద రోడ్డు మీదుగానే పిల్లల్ని ఆదివారం షికారుకు తీసుకుపోతారు. ఆ రోడ్డు పక్కనే పాజు పుస్తక నగరం. 1980ల చివర్లో కొందరు ప్రచురణకర్తలు, పుస్తకానికి సంబంధించిన పనులన్నీ ఒకచోట ఉండాలనుకుని మొదలుపెట్టిన ఆలోచన అది. రాయించేవాళ్లు, అచ్చువేసేవాళ్లు, బైండు చేసేవాళ్లు, గోదాములు, అమ్మేవాళ్లు అందరూ అక్కడే. శత్రువు ఫిరంగి గుండు అందే దూరంలో కాగితాల గిడ్డంగులు కట్టుకున్నారు.

ఇది చదివినప్పుడు మార్కాపురం వాడికి పలకలు గుర్తు రాకుండా ఎలా ఉంటాయి? తెలుగుదేశంలో ఒక తరం కాదు, చాలా తరాలు 'అ ఆ'లు దిద్దింది మా ఊరి రాయి మీదే. గని నుంచి తెచ్చిన బండను ఉలితో పొరలు పొరలుగా చీల్చడం చూడవలసిన పని. దెబ్బ మెత్తగా పడితే రాయి విడదు, గట్టిగా పడితే విరిగిపోతుంది. సరైన దెబ్బకు మాత్రం అప్పడమంత పలచటి పొర విడివడి వస్తుంది. తర్వాత అంచులు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రంలో బిగిస్తారు. ఆ పనిలో రాతిదుమ్ము పీల్చినవాళ్ల దగ్గు కూడా మా ఊరి చరిత్రలో భాగమే, దాన్ని పలకల గొప్పల్లో ఎవరూ చెప్పరు. ప్లాస్టిక్ పలకలొచ్చాక, నోటు పుస్తకాలు చౌకయ్యాక బలపం పట్టేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు అదే రాయి రంగురంగుల టైల్సుగా పరాయి దేశాల గోడలకూ ఇంటి కప్పులకూ పోతోంది. పాజు పుస్తకాలు నిలబడ్డాయి, మా పలకలు నిలబడలేదు. దీనికి హద్దుతో సంబంధమేమీ లేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

పాజు వైపు అసలైన గేటు ఇమ్జిన్ నది మీది వంతెన దగ్గర ఉంది. నది అవతల పౌరులు ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. అయినా అక్కడ పొలాలున్నాయి. రైతులు గుర్తింపు కాగితం చూపించి, సైనికులు సరేనంటే ట్రాక్టరుతో వంతెన దాటి, దున్నుకుని, పొద్దు గూకేలోగా తిరిగి రావాలి. అక్కడి సోయా చిక్కుళ్లకు జాంగ్‌దాన్ చిక్కుళ్లని పెద్ద పేరు. కొరియా వంటింట్లో సోయా ముద్ద లేకుండా పూట గడవదు కాబట్టి, ఏటా నవంబరులో హద్దుకు దగ్గర్లోని ఇమ్జింగాక్‌లో ఈ చిక్కుళ్లకో జాతరే జరుగుతుంది. ఫిరంగుల మధ్య పండిన పంటను సంచుల్లో మోసుకుపోవడానికి సియోల్ నుంచి జనం కార్లు వేసుకుని వస్తారు. ఆ రైతును పలకరిస్తే ఉత్తర కొరియా కిమ్ గారి అణుబాంబు కంటే ముందు వంతెన మూసే వేళ గురించే చెబుతాడని నా నమ్మకం.

అయితే ఈ అలవాటును మెచ్చుకుని ఊరుకోవడానికి లేదు. అలవాటుకూ ఖరీదుంది. అది గేటుకు బయట ఉన్న నాలాంటి వాళ్లకు తక్కువ పడుతుంది, లోపల ఉన్నవాళ్లకు ఎక్కువ పడుతుంది.

పాజు పరిధిలోనే, ఆ సైన్యం లేని పట్టీ లోపల, తేసోంగ్‌దోంగ్ అనే పల్లె ఉంది. దక్షిణం వైపు పట్టీలో మిగిలిన ఊరు అదొక్కటే. రాత్రి కర్ఫ్యూ. సాయంత్రం సైనికులు ఇల్లిల్లూ తిరిగి తలలు లెక్కపెట్టుకుంటారు. బదులుగా పన్నులు లేవు, మగపిల్లలకు నిర్బంధ సైనిక సేవ లేదు, పొలాలు పెద్దవి. కోడలు బయటి నుంచి రావచ్చు, ఊరి ఆడపిల్లను చేసుకున్న అల్లుడు మాత్రం ఇల్లరికం వచ్చి ఉండడానికి లేదు. ఊరి మధ్య వంద మీటర్ల స్తంభానికి దక్షిణ కొరియా జెండా ఎగురుతుంది. దాన్ని చూసి అవతలి ఊళ్లో ఉత్తర కొరియా వాళ్లు 160 మీటర్ల స్తంభం నిలబెట్టారు. రెండు స్తంభాల మధ్య చిక్కుళ్లు, వరి పండించుకుంటూ వందమంది చిల్లర బతుకుతున్నారు.

మా వైపు గేటు లోపల ఉన్నవాళ్లు చెంచులు. దోర్నాల, యర్రగొండపాలెం మండలాల అడవిలో పాలుట్ల, చిన్నారుట్ల వంటి గూడేలు గేటు పుట్టకముందు నుంచీ ఉన్నవే. శ్రీశైలం దేవుణ్ణి చెంచు మల్లయ్య అని పిలుచుకునేవాళ్లు అక్కడ పరాయివాళ్లు ఎలా అవుతారు? కానీ పులుల అభయారణ్యం అన్నాక ప్రతి పనికీ ఒక నిబంధన. తేనె తీయడానికి, గడ్డి కోయడానికి, గూడేనికి రోడ్డు వేసుకోవడానికి కూడా. లోతట్టు గూడేల్లో పురుడొచ్చినా పాము కరిచినా మంచం మీదో భుజాల మీదో రోడ్డు దాకా మోసుకొచ్చిన కథలు ప్రతి ఇంట్లో ఉంటాయి. పులుల కోసం గూడేలను బయటికి తరలించాలనే మాట ఎప్పుడూ గాల్లో ఉంటుంది. అదే పులుల అడుగుజాడలు పట్టడానికి, బేస్ క్యాంపుల్లో కాపలా కాయడానికి అటవీ శాఖ జీతమిచ్చి పెట్టుకునేది మళ్లీ చెంచులనే. పులులు ఇప్పుడు డెబ్బై దాటాయంటే అందులో వాళ్ల కాళ్ల కష్టం చాలా ఉంది. తేసోంగ్‌దోంగ్ వాళ్లకు దొరికిన పన్ను మాఫీ లాంటిది చెంచులకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొరియా యుద్ధంలో లక్షల మంది పోయారు, కోటి మంది అయినవాళ్లకు దూరమయ్యారని అంటారు. దాని పక్కన అడవి గేటును నిలబెట్టి రెండూ ఒకటేననడం నా ఉద్దేశం కాదు. కానీ మా అడవిలోనూ తుపాకుల కాలం ఒకటి నడిచింది. ఆ రోజుల్లో శ్రీశైలం రోడ్డు మీద తనిఖీ అంటే పులి కోసం కాదు. బస్సు ఆపితే ఆపింది పోలీసులా, అన్నలా అన్నదే ప్రశ్న. కలప దొంగల కోసం, ఆ తర్వాత నక్సలైట్ల కోసం, ఇప్పుడు పులుల కోసం తనిఖీలు చేస్తూ వచ్చిన దారి అది. దేన్ని కాపాడుతున్నారో మారింది. ఆగి నిలబడే జనం మారలేదు.

ఆ కాలంలో మా పక్కన కూడా ఒక పన్‌ముంజోమ్ జరిగింది. 2004 అక్టోబరు 11న మావోయిస్టు నాయకుడు రామకృష్ణ, ఆయన వెంటి వాళ్లు నల్లమల నుంచి బయటికొచ్చింది చిన్నారుట్ల దగ్గరే. అప్పటిదాకా ఫొటో కూడా సరిగా తెలియని మనుషుల్ని చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం లారీలు, ట్రాక్టర్లెక్కి పోయారు. టీవీ వాళ్ల కార్లు దోర్నాల రోడ్డంతా బారులు తీరాయి. నాలుగు రోజుల తర్వాత హైదరాబాదులో హోం మంత్రి జానారెడ్డి బృందంతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్ వంటి పెద్దలు ఏళ్ల తరబడి నడిపిన ప్రయత్నం అది. 18న చర్చలు ముగిశాయి. మళ్లీ కూర్చుంటామన్నారు. కూర్చోలేదు. 2005 జనవరికల్లా అంతా చెదిరిపోయి తుపాకులు మళ్లీ మోగాయి. విరమణ ఒప్పందం డెబ్బై ఏళ్లు దాటినా నిలిచినందుకు కొరియా వాళ్లు ఎంతో కొంత అదృష్టవంతులే అనిపిస్తుంది.

1953లో కొరియాలోని ఆ పట్టీ మీద మన సైనికులు కూడా నిలబడ్డారన్న సంగతి చాలామందికి తెలియదు. సొంత దేశానికి తిరిగి పోబోమన్న యుద్ధ ఖైదీలు ఇరవై రెండు వేల మందికి పైగా మిగిలారు. వాళ్ల బాధ్యత తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించారు. దాని అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. భారత సైన్యం తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టడంతో, మనవాళ్లను ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా ఆ పట్టీలో దింపారు. గేటు దాటకుండా గేటు లోపలికి పోవడం ఇలా కూడా ఉంటుంది. ఉత్తరమూ వద్దు దక్షిణమూ వద్దన్న 88 మంది చివరికి మన సైన్యంతో పాటు భారతదేశానికి వచ్చేశారు. అలాంటి ఒక ఖైదీ ఓడలో భారత్ వైపు వస్తూ దారిలో సముద్రంలో కలిసిపోయే కథతో చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన నవలను కొరియాలో ఇప్పటికీ చదువుతారు.

కాపలా ఉన్న గీతల గురించే ఇంతసేపూ చెప్పాను. కాపలా లేని గీతలూ ఉన్నాయి. మా నాయన సర్టిఫికెట్లలో కర్నూలు జిల్లా అని ఉంటుంది. 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తెంచి అందులో కలిపారు. సీమ వాళ్లమైన మేము ఒక్క రాత్రిలో కోస్తా వాళ్లమయ్యాం. మాట మారలేదు, తిండి మారలేదు, వాన పడకపోవడం అసలే మారలేదు. కలెక్టరు దగ్గరికి పోవాలంటే మాత్రం వంద కిలోమీటర్ల ఒంగోలు. పింఛను కాగితం కోసం ఒక ముసలమ్మ తెల్లవారుజామున బస్సెక్కి, సారు మీటింగులో ఉన్నారని తెలిసి, రాత్రికి ఇల్లు చేరేది. ఆ గీత దగ్గర ఒక్క పోలీసు కూడా లేడు. అయినా దోర్నాల గేటు కంటే అదే మమ్మల్ని ఎక్కువ ఆపింది. 2025 చివర్లో మార్కాపురమే జిల్లా అయింది. ఊళ్లో టపాసులు పేల్చారు, స్థలాల ధరలు పెంచారు. తుపాకులు లేని గీతలు ఇలా చెరుపుకోవచ్చు, మళ్లీ గీసుకోవచ్చు.

తుపాకులున్న గీతను దాటిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినవి ఆవులు. హ్యుందాయ్ స్థాపకుడు చుంగ్ జూయంగ్ పుట్టిన ఊరు ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉంది. కుర్రతనంలో వాళ్ల నాన్న ఆవును అమ్మి దాచుకున్న డబ్బు పట్టుకుని ఇంట్లోంచి పారిపోయాడాయన. 1998 జూన్‌లో, ఎనభై దాటిన వయసులో, అయిదు వందల పశువులను లారీల్లో ఎక్కించుకుని పాజు మీదుగా, పన్‌ముంజోమ్ గుండా అవతలికి తోలుకుపోయాడు. అక్టోబరులో మరో 501 పంపాడు. మొత్తం 1001. ఆ ఒకటి ఎందుకో మన రైతులెవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒంగోలు జాతి ఎద్దును పందేలకు లారీ ఎక్కించడం చూసినవాళ్లకు తెలుసు, ఒక్క ఎద్దు మొండికేస్తే నలుగురు మనుషులు చెమటలు కక్కుతారు. అయిదు వందలంటే ఊహించుకోండి. సైనికులు గేట్లెత్తి నిలబడి చూశారు. ఆ తర్వాత రైలుపట్టాలు కలిశాయి, అవతల కేసోంగ్‌లో ఫ్యాక్టరీలు నడిచాయి, 2016లో మూతపడ్డాయి. 2024 అక్టోబరులో ఉత్తర కొరియా కలిపే రోడ్లనే పేల్చేసింది.

పైనుంచి దారి మూసుకుపోతే మనిషి కిందనుంచి తవ్వుతాడు. పాజు దగ్గర 1978లో దొరికిన మూడో సొరంగం భూమికి డెబ్బై మీటర్ల లోతున ఒకటిన్నర కిలోమీటరుకు పైగా ఉంది. సియోల్ మీదికి సైన్యాన్ని పంపడానికి ఉత్తరం వాళ్లు తవ్వారని దక్షిణం అంటుంది. అదేం లేదు, బొగ్గు గని అంటూ ఉత్తరం గ్రానైటు గోడలకు మసి పూసిందని గైడులు వేలితో చూపించి నవ్విస్తారు. ఇప్పుడు దానికి టికెట్టు, హెల్మెట్టు, కిందికి ఒక వాలుదారి.

మా సొరంగాలు నీళ్ల కోసం. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు దగ్గర కృష్ణ వరద నీటిని పట్టుకుని, నల్లమల కడుపులోంచి దోర్నాల వైపు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. పైన కొండలు, పులుల అడవి కాబట్టి కాలువ తవ్వే వీలు లేదు. అందుకే ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. 1996లో శంకుస్థాపన. ఆనాడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లై పిల్లలు పుట్టారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ ఎండాకాలం కూడా మా వీధిలోకి ట్యాంకరే వచ్చింది, ఫ్లోరైడు నీళ్లు తాగలేక క్యాన్లు కొనుక్కున్నాం. ఆ నీళ్లు చేరే నల్లమల సాగర్ జలాశయం నిండితే సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి ఊళ్లు మునుగుతాయి. అక్కడివాళ్లను కదిలిస్తే నీళ్లెప్పుడొస్తాయని మనం అడిగే ప్రశ్న వాళ్లు అడగరు. పునరావాస ప్యాకేజీ డబ్బు ఖాతాలో పడే తారీకు చెప్పమంటారు.